మాత్రలు, సూది ఆపాక ఒళ్లు ఎప్పుడు దారికొస్తుంది? – అక్కచెల్లెళ్ల కోసం ఒక పాఠం

ఉచిత కుటుంబ నియంత్రణ సేవలు – లబ్ధిదారుల సమాచార పత్రం
దేవనకొండ మండలం, ఆదోని – ఎమ్మిగనూరు ప్రాంతం



మాలా-ఎన్ మాత్రలు, ఛాయా మాత్రలు, అంతర సూది, కాపర్-టి. ఈ నాలుగూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పైసా ఖర్చు లేకుండా ఇస్తారు. ఎలా వాడాలో ఏఎన్‌ఎం చెబుతుంది, ఆశా కార్యకర్త గుర్తు చేస్తుంది. ఆపిన తర్వాత ఏమవుతుందన్నది మాత్రం చాలామంది అడగరు. అడగడానికి సిగ్గుపడతారు. ఆ తర్వాత నెలసరి ఆలస్యమైతే భయపడి, ఎవరో చెప్పిన పసరుకో పొడికో వేలకు వేలు పెడతారు.

ఈ పత్రంలో చెప్పేది ముఖ్యంగా రెండు మాటలు. ఒకటి: ఇవి ఆపాక ఒంట్లో హార్మోన్లు వాటంతట అవే దారికొస్తాయి, వాటికి మందు అక్కర్లేదు. రెండు: ఆ సమయంలో మీ ఒంటికి నిజంగా కావలసింది రక్తం. దానికి తిండి, ఇనుము మాత్ర కావాలి.

1. ఒంట్లో ఏం జరుగుతుంది?

మెదడు కింద చిన్న గ్రంథి ఒకటి ఉంటుంది. అది అండాశయాలకు కబురు పంపితే నెలకొక అండం విడుదలవుతుంది, గర్భసంచిలో పొర తయారవుతుంది. గర్భం రాకపోతే ఆ పొర నెలసరిగా బయటికి పోతుంది. మాలా-ఎన్ మాత్రలో, అంతర సూదిలో ఉండే హార్మోన్లు ఆ కబురును కొన్నాళ్లు ఆపి ఉంచుతాయి. మందు ఒంట్లోంచి పోగానే కబురు మళ్లీ మొదలవుతుంది.

తుంగభద్ర దిగువ కాలువకు నీళ్లు వదిలిన రోజే ఆఖరి పొలానికి చేరవు కదా. ఇదీ అంతే, కొంచెం టైం పడుతుంది. ఎంత టైం అనేది మీరు ఏది వాడారన్న దాన్నిబట్టి ఉంటుంది.

2. ఏది ఆపితే ఎన్నాళ్లకు?

మాలా-ఎన్ మాత్రలు: ఒక చీటీలో 28 మాత్రలు ఉంటాయి. 21 హార్మోన్ మాత్రలు, 7 ఇనుము మాత్రలు. హార్మోన్ మాత్రలు ఆపిన కొద్దిరోజులకే ఒకసారి రక్తం కనిపిస్తుంది. ఆ తర్వాత మీ సొంత నెలసరి చాలామందికి నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది. మొదటి రెండు మూడు నెలలు తేదీలు అటూఇటూ అయితే కంగారు వద్దు. గర్భం మాత్రం ఆపిన మొదటి నెలలోనే రావచ్చు.

ఛాయా మాత్రలు: ఇందులో హార్మోన్ లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన మందు ఇది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి వేసుకుంటారు. వాడుతున్నప్పుడు కొందరికి నెలసరి ఆలస్యంగా వస్తుంది. ఆపాక కొద్ది నెలల్లో సర్దుకుంటుంది.

కాపర్-టి: దీనిలోనూ హార్మోన్ లేదు. తీయించిన రోజు నుంచే గర్భం రావడానికి అవకాశం ఉంటుంది. వాడుతున్నప్పుడు రక్తం ఎక్కువ పోయేవాళ్లకు తీయించాక తగ్గుతుంది. దీన్ని మీరే లాగకండి. పీహెచ్‌సీలో శిక్షణ ఉన్న నర్సు గానీ డాక్టరు గానీ తీయాలి.

అంతర సూది: ఎక్కువ ఆలస్యం దీనితోనే, ఎక్కువ భయం కూడా దీని మీదే. ఒక్కో సూది మూడు నెలలు పనిచేస్తుంది. ఆపాక మళ్లీ గర్భం నిలవడానికి చివరి సూది వేసుకున్న తేదీ నుంచి సాధారణంగా 7 నుంచి 10 నెలలు పడుతుంది. కొందరికి ఇంకొన్ని నెలలు పట్టవచ్చు. ఏడాది పాటు సూది వాడిన వాళ్లలో సగం మందికి వాడినన్నాళ్లు నెలసరి రాదు. రక్తం లోపల పేరుకుపోయిందని దాని అర్థం కాదు. పొర తయారు కాలేదు కాబట్టి పోవడానికి ఏమీ లేదు, అంతే.

ట్యూబెక్టమీ ఆపరేషన్: మన రాష్ట్రంలో పిల్లలు చాలనుకున్న వాళ్లలో ఎక్కువమంది చేయించుకునేది ఇదే. ఇందులో గొట్టాలు మాత్రమే మూస్తారు. అండాశయాలు అలాగే ఉంటాయి, హార్మోన్లు మారవు, నెలసరి ఎప్పటిలాగే వస్తుంది.

3. సుగ్గికి పోయేవాళ్లు ఇలా లెక్క వేసుకోండి

మన వైపు నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీయడానికి సుగ్గికి పోతాయి. అలా పోయే ఒక అక్కను అనుకుందాం. అక్టోబరు 10న ఆమె చివరి అంతర సూది వేయించుకుంది. ఇంకో బిడ్డ కావాలనుకుని ఆ తర్వాత వేయించుకోలేదు. ఉగాదికి ఇంటికి వచ్చింది. ఇంకా నెలసరి లేదు, నెల తప్పనూ లేదు. అత్తమ్మ, “సూది వేయించుకున్నందుకే గర్భసంచి ఎండిపోయింది” అంటుంది. పక్కింటి పెద్దమ్మ పసరు పోసే ఊరి పేరు చెబుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. అక్టోబరు 10 నుంచి ఆ సూది పనిచేసేదే జనవరి 10 దాకా. గర్భం నిలిచే కాలం చివరి సూది నుంచి 7 నుంచి 10 నెలలు అంటే మే నుంచి ఆగస్టు వరకు. ఉగాది నాటికి ఆరు నెలలు కూడా నిండలేదు. ఆమె ఒంట్లో లోపమేమీ లేదు. టైం ఇంకా రాలేదు, అంతే.

అందుకే సూది కార్డు పారేయకండి. ఆధార్ కార్డుతో పాటే పెట్టుకోండి. కార్డు మీది చివరి తేదీయే మీ లెక్కకు ఆధారం. సూది కొనసాగించాలనుకునే వాళ్లకు కూడా ఆ కార్డు కావాలి. మీరు పనికి పోయిన ఊరి దగ్గర ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి అడగండి. గడువు దాటి నాలుగు వారాల వరకు సూది వేయించుకోవచ్చు. అంతకంటే ఆలస్యమైతే ముందు గర్భం లేదని చూసుకోవాలి.

బిడ్డ ఏడాది రెండేళ్లలో కావాలి అనుకునే వాళ్లు ఆ మాట ఏఎన్‌ఎంకు ముందే చెప్పండి. సూది కంటే ఛాయా, మాలా-ఎన్, నిరోధ్ వాడితే మళ్లీ గర్భం త్వరగా నిలుస్తుంది. పాలిచ్చే తల్లులు మాత్రం బిడ్డకు ఆరు నెలలు నిండే దాకా మాలా-ఎన్ వాడకూడదు.

4. ఆపాక కనిపించే మార్పులు

మొహం మీద మొటిమలు, నెలసరి ముందు రొమ్ముల నొప్పి, నడుము నొప్పి, కొన్నాళ్లు జుట్టు రాలడం, చిరాకు. ఇవి కొందరికి కనిపిస్తాయి, మూడు నాలుగు నెలల్లో తగ్గుతాయి.

ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలి. మాలా-ఎన్ వాడినన్నాళ్లు నెలసరి గడియారంలా వస్తుంది. అది మాత్ర తెప్పించేది, మీ సొంతది కాదు. మాత్రలు మొదలుపెట్టక ముందే రెండు మూడు నెలలకోసారి వచ్చేవాళ్లకు, ఆపాక మళ్లీ అలాగే రావచ్చు. అంటే మాత్ర చెడగొట్టలేదు, పాత ఇబ్బంది మళ్లీ బయటపడింది. దానికి కారణం థైరాయిడ్ కావచ్చు, పీసీఓడీ కావచ్చు, మరీ బక్కచిక్కి ఉండటం కావచ్చు. కారణం తెలిస్తేనే వైద్యం. బిడ్డకు పాలిస్తున్న తల్లులకైతే పాల వల్ల కూడా నెలసరి ఆలస్యమవుతుంది.

5. హార్మోన్లకు మందు కాదు, ఒంటికి రక్తం కావాలి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. పది మందిలో దాదాపు ఆరుగురు. మాలా-ఎన్ వాడినప్పుడు నెలసరి తక్కువగా పోతుంది, పైగా చీటీలో ఇనుము మాత్రలు ఏడు ఉంటాయి. ఆపగానే ఆ ఇనుమూ ఆగుతుంది, నెలసరిలో పోయే రక్తమూ పెరుగుతుంది. కాపర్-టి వాడిన వాళ్లలో కొందరికి అప్పటికే చాలా రక్తం పోయి ఉంటుంది. ఈ స్థితిలో గర్భం వస్తే తల్లికి, బిడ్డకు ఇద్దరికీ ప్రమాదం. అందుకే ఆపిన నెలలోనే ఈ పనులు చేయండి.

రక్త పరీక్ష: ఊళ్లో హెల్త్ క్లినిక్‌లోనే హిమోగ్లోబిన్ చూస్తారు. గర్భం లేనివాళ్లకు 12 ఉండాలి. 8 కంటే తక్కువుంటే అది తీవ్రమైన రక్తహీనత, వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

ఇనుము మాత్ర: 20 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లకు రక్తహీనత రాకుండా వారానికొక ఇనుము-ఫోలిక్ మాత్ర ఇవ్వాలని రక్తహీనత ముక్త భారత్ కార్యక్రమంలో ఉంది. ఆశా కార్యకర్తను అడగండి. పరీక్షలో రక్తం తక్కువ తేలితే డాక్టరు మోతాదు పెంచుతారు, కనీసం మూడు నెలలు మానకుండా వేసుకోవాలి. విరేచనం నల్లగా అయితే భయపడొద్దు, ఇనుము వల్లే అలా అవుతుంది. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోండి.

ఫోలిక్ మాత్ర: బిడ్డ కావాలనుకునే వాళ్లు గర్భం రాకముందే, కనీసం ఒక నెల ముందు నుంచి రోజూ ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాము, మెదడు సరిగా తయారవడానికి అది కావాలి. ఆ భాగాలు తయారయ్యేది మొదటి వారాల్లోనే, చాలామందికి నెల తప్పిన సంగతి తెలియకముందే. పీహెచ్‌సీలో అడిగి తీసుకోండి.

6. ఏం తినాలి? ఖరీదైనదేమీ కాదు

ఏ ఒక్క కాయా, ఏ ఒక్క గింజా తింటే హార్మోన్లు బాగవవు. అలా చెప్పి అమ్మేవాళ్లను నమ్మకండి. రోజూ కడుపునిండా, రకరకాలుగా తింటే ఒళ్లు తన పని తాను చేసుకుంటుంది. దానికి కావలసినవి మన ఇళ్లల్లోనే ఉన్నాయి.

• జొన్న రొట్టె, కొర్ర అన్నం, రాగి సంగటి. వీటిని బీదల తిండి అని వదిలేసి మూడు పూటలా తెల్లన్నం తినకండి. రాగుల్లో కాల్షియం ఎక్కువ. అంతర సూది వాడినన్నాళ్లు ఎముకల్లో సున్నం కొంచెం తగ్గుతుంది, ఆపాక మళ్లీ కోలుకుంటుంది. ఆ కోలుకోవడానికి రాగులు, పాలు, పెరుగు సాయపడతాయి.
• రోజూ ఒక ఆకుకూర. తోటకూర, మునగాకు, చెంచలాకు, గోంగూర ఏదైనా సరే. పప్పులో వేసి పైన నిమ్మకాయ పిండండి. ఆ పులుపు వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది.
• ఉలవలు, అలసందలు, కందిపప్పు, బుడ్డలు. రొట్టెలోకి ఎర్రకారం ఒక్కటే కాకుండా బుడ్డల పచ్చడి, పప్పు ఉండేలా చూసుకోండి.
• కుదిరితే రోజుకొక గుడ్డు. మాంసం తినేవాళ్లు వారానికి ఒకసారి కాలేయం తినవచ్చు. కానీ గర్భం కోసం చూస్తున్న వాళ్లు, గర్భిణులు కాలేయం మానాలి. అందులో ఎ విటమిన్ మరీ ఎక్కువ.
• అన్నం తిన్న గంట వరకు టీ, కాఫీ వద్దు. అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.
• వంటకు అయోడిన్ ఉప్పే వాడండి. థైరాయిడ్ సరిగా ఉండాలంటే అది కావాలి.

కోతకాలంలో చాలామంది అక్కలు తెల్లవారుజామున లేచి అందరికీ వండిపెట్టి, తాము మాత్రం మధ్యాహ్నం దాకా ఏమీ తినరు. రోజంతా వంగి పని చేస్తారు. ఒంట్లో కొవ్వు మరీ తగ్గితే మెదడు నెలసరిని ఆపేస్తుంది. ఇది సూది వల్ల కాదు, ఆకలి వల్ల. పనికి పోయే ముందు ఒక రొట్టె అయినా తినండి. మిగిలితే తిందామని కాకుండా ఇంట్లో అందరితో పాటు తినండి.

బరువు ఎక్కువగా ఉండి, నెలసరి క్రమం తప్పిన వాళ్లకు కొద్దిగా బరువు తగ్గినా మేలే. 80 కిలోలు ఉన్నవాళ్లు 4 కిలోలు తగ్గినా తేడా కనిపిస్తుంది. రోజూ అరగంట వేగంగా నడవండి. రాత్రి ఏడు గంటలైనా నిద్రపోండి.

7. వీటి జోలికి పోకండి

• గర్భసంచి శుభ్రం చేస్తామనే పసర్లు, పొడులు. మాత్ర గానీ సూది గానీ గర్భసంచిలో ఏ మలినమూ మిగల్చదు. శుభ్రం చేయడానికి అక్కడ ఏమీ లేదు.
• నెలసరి రావడానికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు. గర్భం ఉందో లేదో తెలియకుండా వేసుకోకూడదు.
• గర్భం పోవడానికి చాటుగా అమ్మే మాత్రలు. వద్దనుకున్న గర్భం వస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు పర్యవేక్షణలో తీయించుకునే హక్కు చట్టం ఇచ్చింది. ఎంత త్వరగా పోతే అంత మంచిది.
• తొందరపడి గర్భసంచి తీయించుకోవడం. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదీ ఒకటి. మాత్రలు, సూది ఆపిన కొత్తలో నెలసరి ఎక్కువైందని ఎవరైనా ఆపరేషన్ అంటే, వెంటనే తల ఊపకండి. మందులతో తగ్గుతుందేమో అడగండి. ఇంకో ప్రభుత్వ డాక్టరు మాట కూడా వినండి. ముప్ఫై, నలభై ఏళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీస్తే హార్మోన్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ తర్వాత ఎముకలకు, గుండెకు ఇబ్బంది.

8. ఎప్పుడు డాక్టరు దగ్గరికి పోవాలి?

ముందు ఆశా దగ్గర ఉచితంగా దొరికే నిశ్చయ్ కిట్‌తో గర్భం ఉందో లేదో చూసుకోండి. గర్భం లేకపోతే కింద చెప్పినవి చూడండి.

• మాత్రలు ఆపి మూడు నెలలైనా నెలసరి రాకపోతే.
• చివరి అంతర సూది నుంచి ఏడాది అయినా రాకపోతే.
• ఎనిమిది రోజులకు మించి రక్తం పోతున్నా, గంటకొక గుడ్డ గానీ ప్యాడ్ గానీ తడిసిపోతున్నా.
• బిడ్డకు పాలివ్వకపోయినా రొమ్ముల్లో పాలు వస్తుంటే, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతుంటే, కారణం లేకుండా బరువు బాగా మారుతుంటే.
• నెల తప్పి, పొత్తికడుపులో ఒక పక్క విపరీతమైన నొప్పి వచ్చి కళ్లు తిరుగుతుంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. గర్భం గొట్టంలో నిలిచి ఉండవచ్చు, అది ప్రాణం మీదికి వస్తుంది.

మొదట ఊరి హెల్త్ క్లినిక్, తర్వాత పీహెచ్‌సీ. స్కానింగ్, థైరాయిడ్ పరీక్ష అవసరమైతే డాక్టరు రాసిన చీటీతో ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వ ఆసుపత్రులకు, అక్కడా తేలకపోతే కర్నూలు పెద్దాసుపత్రికి పోవచ్చు. ఊరికి వచ్చే 104 బండి డాక్టరునూ అడగవచ్చు.

9. ఇంట్లో మగవాళ్లు కూడా చదవాల్సిన మాట

పిల్లల కోసం ఏడాది చూసినా నెల తప్పకపోతే, ఆమె వయసు 35 దాటి ఉంటే ఆరు నెలలు చూసినా కాకపోతే, పరీక్షలు చేయించుకోవాలి. సూది వాడిన వాళ్లు ఈ లెక్కను సూది ప్రభావం పోయాక మొదలుపెట్టాలి. పరీక్ష ఇద్దరికీ జరగాలి. లోపం మగవాళ్లలో ఉండే సందర్భాలు తక్కువేమీ కాదు, వీర్య పరీక్ష ఒక్క పూటలో అయిపోతుంది. అది చేయించకుండా ఆమెను గుడుల చుట్టూ, వైద్యుల చుట్టూ తిప్పడం, గొడ్రాలని నోరు జారడం తప్పు. సుగ్గికి పోయిన చోటా, ఇంటి దగ్గరా కష్టపడేది ఆమే. మాట పడేది కూడా ఆమే కాకూడదు.

10. ఇప్పుడే బిడ్డ వద్దనుకుంటే

ఇబ్బందిగా ఉందని ఒక పద్ధతి ఆపేవాళ్లు, ఆపిన రోజే ఇంకొకటి మొదలుపెట్టండి. నెలసరి రాలేదు కాబట్టి గర్భం రాదనుకోకండి. మొదటి నెలసరి కంటే ముందే అండం విడుదలవుతుంది. నిరోధ్ ఆశా దగ్గర దొరుకుతుంది. కాన్పుకూ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం రెండేళ్లు, గర్భం పోయిన తర్వాత ఆరు నెలలు ఎడం ఉండాలి.

11. తేదీ రాసుకోండి, డబ్బుకు కూడా అదే ఆధారం

గోడ మీది క్యాలెండర్‌లో నెలసరి మొదలైన రోజుకు సున్నా చుట్టండి. మాత్రలు ఆపిన తేదీ, చివరి సూది తేదీ కూడా రాయండి. డాక్టరు మొదట అడిగేది అదే.

నెల తప్పగానే ఏఎన్‌ఎం దగ్గర పేరు నమోదు చేయించుకుని తల్లీబిడ్డ రక్షణ కార్డు తీసుకోండి. ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో అర్హులైన తల్లులకు మొదటి కాన్పుకు 5,000 రూపాయలు రెండు విడతలుగా వస్తాయి. చివరి నెలసరి తేదీ నుంచి ఆరు నెలల్లోపు నమోదు, ఒక పరీక్ష పూర్తయితే 3,000. బిడ్డ పుట్టాక జనన నమోదు, మొదటి విడత టీకాలు అయ్యాక 2,000. రెండో కాన్పులో ఆడబిడ్డ పుడితే ఒకేసారి 6,000. చివరి నెలసరి తేదీ తెలియక, సుగ్గిలో ఉండి ఆలస్యంగా నమోదు చేసుకుంటే ఈ డబ్బు చేజారే ప్రమాదం ఉంది. వేరే ఊళ్లో ఉన్నా అక్కడి అంగన్‌వాడీలో, ఆసుపత్రిలో కార్డు చూపించి అడగండి.

ఇంకా సందేహం ఉంటే మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎంను అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి. చదవడం రాని అక్కలకు ఈ పత్రం చదివి వినిపించండి. మీ పొదుపు సంఘం గ్రూపులో పంపండి. సుగ్గికి పోయిన వాళ్లకు ముఖ్యంగా పంపండి.

జిల్లా సమాచార శాఖ, కర్నూలు జిల్లా